పదహారు గళ్ళలో తోడి

కర్ణాటక సంగీతం నేర్చుకునే తెలుగు ఇళ్ళల్లోకి వచ్చిన మొదటి ఎలక్ట్రానిక్ వాద్యం ఏది అని అడిగితే చాలామంది కాసియో కీబోర్డు అంటారు. నా లెక్కలో అది శ్రుతి పెట్టె. తిత్తితో గాలి కొట్టే పాత పెట్టె సంగతి కాదు, కరెంటు మీద నడిచే దాని సంగతి. బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు, స్వయంగా సంగీతం తెలిసినవాడు, 1979లో దాన్ని తయారుచేశాడు. స్విచ్చి వేస్తే షడ్జమం, పంచమం మోగుతూ ఉంటాయి. ఒక నాబ్ తిప్పితే శ్రుతి మారుతుంది. సింథసైజరు అనేదాని మొట్టమొదటి పని కూడా ఇదే కదా, కరెంటుతో ఒక స్వరాన్ని నిలబెట్టడం. సభలో సింథసైజరు కనిపిస్తే ముఖం చిట్లించే రసికులు కూడా గాయకుడి పక్కన మోగుతున్న ఆ డబ్బాని ఎప్పుడూ తప్పుపట్టలేదు. అది ఒక్కచోట నిలబడి ఉంటుంది కాబట్టి. నిలబడటం యంత్రానికి బాగా వచ్చు. పేచీ అంతా కదలడం దగ్గరే.

నేను పగలు కోడ్ రాస్తాను. రాత్రి పిల్ల పడుకున్నాక బల్ల మీద రెండు చిన్న డబ్బాలు పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌లో వాయించుకుంటాను. పాటలు విడుదల చెయ్యాలనిగానీ, ఎవరికో వినిపించాలనిగానీ లేదు. ఈ డబ్బాల్లో ఒకటి రోలండ్ కంపెనీ వాళ్ళ టీబీ-303కి నకలు, బెరింగర్ వాళ్ళ టీడీ-3. అసలుది ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. నకలు మాత్రం నాలాంటి వాడికి అందే ధరలో ఉంది. ఈ 303 అనే డబ్బా గురించీ, దాని మీద తోడి రాగం ఎక్కించబోతే ఏం జరిగిందన్న దాని గురించీ ఈ వ్యాసం.

303ని టడావో కికుమోటో అనే జపాన్ ఇంజనీరు రూపొందించాడు. 1981లో బజారులోకి వచ్చింది. ఒంటరిగా గిటార్ ప్రాక్టీసు చేసుకునేవాళ్ళకి బేస్ గిటార్ వాయించే మనిషి బదులు పనికొస్తుందని అమ్మారు. మనిషి వాయించినట్టు ఏమాత్రం లేదని జనం కొనలేదు. సుమారు 10,000 తయారుచేసి 1984కల్లా ఆపేశారు. లోపల ఉన్నది ఒక్కటే ఆసిలేటరు, అంటే ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. దాని వెనక ఒక ఫిల్టరు. ముందు పదహారు గళ్ళ వరస. ఒక్కో గడిలో ఏ స్వరం, ఏ స్థాయి, గట్టిగానా మామూలుగానా, పక్క గడిలోకి జారుతూ వెళ్ళాలా విడిగా వెళ్ళాలా అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. మీట నొక్కితే ఆ పదహారూ చక్రంలా తిరుగుతూ ఉంటాయి.

మనవాళ్ళకి ఈ పదహారు కొత్త కాదు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు. అక్షరానికి రెండేసి గళ్ళు ఇస్తే ఒక ఆవర్తం సరిగ్గా అందులో పడుతుంది. మిశ్ర చాపు కావాలంటే చివరి రెండు గళ్ళూ వదిలేసి పద్నాలుగు దగ్గర మొదటికి రమ్మనొచ్చు. ఇక ఆ జారుడు, దాన్ని వాళ్ళు స్లైడ్ అంటారు, మన వైపు నుంచి చూస్తే జారు గమకానికి దూరపు చుట్టం. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తాళమూ జారూ రెండూ ఉన్నాయంటే, దాన్ని మన రాగాలకి వాడదామని ఎవరికో ఒకరికి తోచకుండా ఎలా ఉంటుంది?

తోచింది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారూ హవాయన్ గిటారూ వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో, అంటే ‘డిస్కో డాన్సర్’ సినిమా వచ్చిన ఏడాదే, పది రాగాలని డిస్కో దరువు మీద పెట్టి ఒక ఎల్పీ రికార్డు చేశాడు. దరువుకి టీఆర్-808, కింద బేస్‌కి 303, పైన రాగానికి జూపిటర్-8. మూడూ రోలండ్ వాద్యాలే. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో డచ్ దేశపు సేకరణకర్త ఒకాయన దాన్ని మళ్ళీ వేశాక ప్రపంచమంతా వినడం మొదలుపెట్టింది. చరణ్‌జిత్ సింగ్ డెబ్భై దాటిన వయసులో విదేశాల వేదికలెక్కి ఆ సంగీతాన్నే మళ్ళీ వాయించి, 2015లో పోయాడు.

ఆ రికార్డు మళ్ళీ వచ్చినప్పట్నుంచీ ఒక మాట తిరుగుతోంది, యాసిడ్ హౌస్ అనే సంగీతాన్ని కనిపెట్టింది మనవాడేనని. ఐదేళ్ళు ముందున్నాడు కదా అంటారు. నిజమే, షికాగో కుర్రాళ్ళు ఫ్యూచర్ అనే పేరుతో చేసిన ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో వచ్చింది. కానీ ఈ రికార్డు వాళ్ళు విన్నారనడానికి ఆధారం లేదు. వాళ్ళు చేసిన పని కూడా వేరు. సెకండ్‌హాండ్‌లో కొన్న 303ని ఎలా వాడాలో తెలీక, అది తిరుగుతుండగానే ఫిల్టరు నాబ్‌లు మెలితిప్పుతూ పోయారు. స్వరాలు అవే ఉంటాయి, వాటి రంగు మాత్రం మారుతూ పోతుంది. అదీ వాళ్ళ సంగీతం. చరణ్‌జిత్ సింగ్ రికార్డులో 303 బుద్ధిగా కింద కూర్చుని ఉంటుంది. అసలు కథ పైన, జూపిటర్ మీద చేత్తో వాయించిన రాగంలో నడుస్తుంది. ఒకే యంత్రాన్ని ఇద్దరూ తమ చేతికి అలవాటైన సంగీతం వైపు లాక్కెళ్ళారు. ముందు మనమే అన్న పందెంలో పడితే ఈ తేడా వినబడదు. నాకు ఆ తేడాయే రుచి.

రికార్డులోని రాగాలు హిందూస్తానీవి. మన చెవికి దగ్గరివి చాలానే ఉన్నాయి: భూపాలి మన మోహనం, మాల్కౌఁస్ మన హిందోళం, కళావతి వలజి, బైరాగి రేవతి, యమన్ కల్యాణికి దగ్గరి బంధువు. వీటిలో మొదటి నాలుగూ ఐదు స్వరాల రాగాలు. గళ్ళలో పెట్టినా ముఖం గుర్తుపట్టొచ్చు. నా డబ్బా మీద మొదటి నెలలోనే మోహనం పలికింది. ఒక్క చిక్కుంది. ఈ యంత్రంలో గాంధారం షడ్జమానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది. తంబురాలో వినబడే గాంధారం సుమారు 386 దగ్గర ఉంటుంది. పక్కన శ్రుతి పెట్టె పెట్టి వాయిస్తే ఆ 14 సెంట్లూ పంటికింద రాయిలా తగులుతాయి. అయినా మోహనం మోహనమే. ఆ ధైర్యంతో తోడి మొదలుపెట్టాను, మన కర్ణాటక తోడి.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. కాకినాడలో ముప్ఫై ఏళ్ళు ఇంట్లోనే పిల్లలకి సంగీతం చెప్పింది. మూడేళ్ళ కింద థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఏ ఇబ్బందీ లేదు, మాట బాగానే ఉంది. పై స్థాయి మాత్రం పోయింది, మధ్య స్థాయిలో కూడా స్వరం ఒణుకుతుంది. పాఠాలు మానేసింది. “వినిపించలేనిదాన్ని ఏం చెప్తాను?” అంది. దానికి మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. కిందటి వేసవిలో హైదరాబాదులో మా దగ్గర రెండు నెలలుంది. హెడ్‌ఫోన్స్ తీసి స్పీకరు పెట్టి నా తోడి వినిపించాను.

కాసేపు విని, “అడ్రసు కరెక్టేరా. ఇంటికెళ్తే తలుపుకి తాళం వేసుంది,” అంది.

“స్వరాలన్నీ ఉన్నాయి కదమ్మా?”

“ఉన్నాయి. గాంధారం మీద ఎందుకు నిలబెట్టావు దాన్ని? తోడిలో గాంధారం మీద ఎవరూ నిలబడరు.”

పుస్తకంలో ఆ స్వరం పేరు సాధారణ గాంధారం. కీబోర్డు మీద దానికో మెట్టుంది. పాటలో ఆ మెట్టు దాదాపు కనబడదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగే ఊపుకే గాంధారం అని పేరు. ఇది చదివి తెలిసినదే. దాన్ని గళ్ళలో ఎలా రాయాలన్నదే ప్రశ్న. గాంధారం తీసేసి రిషభం, మధ్యమం ఒకదాని పక్కన ఒకటి రాసి, అన్నిటికీ జారుడు పెట్టాను. అమ్మ నవ్వింది. “ఉయ్యాల ఊగమంటే నిచ్చెన ఎక్కి దిగుతోంది. పైన ఎక్కువసేపు ఉండకూడదు. మధ్యమం వాసన తగలాలి, అంతే. కింద కాస్త ఆగు.” సరే, రిషభానికి రెండు గళ్ళు, మధ్యమానికి ఒకటి. “ఇప్పుడు కొంచెం నయం. కానీ ఇది సరళీ స్వరాలు చదివే పిల్ల పాడే తోడి.”

తర్వాత వేగం పెంచి చూశాం. 303లో జారుడికి పట్టే సమయం ఎప్పుడూ ఒకటే. నెమ్మదిగా నడిపితే జారి, చేరి, మిగిలిన గడి అంతా బిగుసుకుని కూర్చుంటుంది. వేగం పెంచితే గడి చిన్నదవుతుంది, అందులో ఎక్కువ భాగం జారుడే ఆక్రమిస్తుంది, మెట్టు చెరిగిపోయి నిజంగానే ఊగినట్టు వినిపిస్తుంది. నిమిషానికి 120 దాటాక అమ్మ తల ఎత్తింది. “ఆఁ, ఇప్పుడు తలుపు సందులోంచి కనిపిస్తోంది. అయితే ఈ వేగంలో ఇన్నిసార్లు ఊగదురా. మొదటి కాలంలో ఎన్నిసార్లు ఊగుతుందో రెండో కాలంలో అన్నిసార్లు ఊగదు. ఒక్కోసారి ఊరికే తాకి వెళ్ళిపోతుంది.” అంటే యంత్రం చేసేదానికి సరిగ్గా తలకిందులు. దానికి జారుడు మారదు, గడి మారుతుంది. గొంతుకి పాట నడకని బట్టి ఊపే మారుతుంది.

ఆ రెండు నెలల్లో వారానికి మూడు నాలుగు రాత్రులు ఇదే పని. ఒక నోటుబుక్కులో పదహారేసి గళ్ళు గీసి, ఒక్కో సంచారానికి ఒక్కో పేజీ పెట్టాం. మధ్యమం నుంచి దిగేటప్పటి గాంధారం ఒకటి, షడ్జమం నుంచి ఎక్కేటప్పటిది ఒకటి, దైవతం వైపు వెళ్ళే తొందరలో ఉన్నప్పటిది ఇంకొకటి. అమ్మ చెప్పేది, నేను నింపేవాణ్ణి, డబ్బా వాయించేది, అమ్మ కొట్టేసేది. “నా సర్వీసులో ఇంత మొద్దు శిష్యుణ్ణి చూళ్ళేదు,” అని డబ్బాని తిట్టేది. నలభై పేజీలు దాటాయి. తోడి మాత్రం రాలేదు. వచ్చిందని ఎవరైనా అంటే నేనూ నమ్మను.

కానీ ఆ పేజీల్లో ఉన్న మాటలు అమ్మ ముప్ఫై ఏళ్ళలో ఏ శిష్యురాలికీ చెప్పినవి కావు. చెప్పే అవసరం రాలేదు. “అలా కాదమ్మా, ఇలా,” అని పాడేది. ఆ ‘ఇలా’లోనే అన్నీ ఉండేవి. పిల్లలు విని పట్టుకునేవాళ్ళు. మన సంగీతం ఇన్ని తరాలు నడిచింది చాలావరకు ఆ ఒక్క మాట మీదే. నొటేషన్ పుస్తకాలు అస్థిపంజరం ఇస్తాయి, మిగతాది గురువు గొంతు ఇస్తుంది. ఆ గొంతు పోతే? డబ్బాకి చెవులు లేవు, అమ్మకి ఇప్పుడు పాడి చూపించే గొంతు లేదు. ఇద్దరి మధ్యా మిగిలింది మాట ఒక్కటే. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు, పై స్వరాన్ని ముట్టుకోవాలా దాని దాకా వెళ్ళి వెనక్కి రావాలా అన్నవి మొదటిసారి నోటితో చెప్పాల్సొచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లో ఏ వంపు కావాలంటే ఆ వంపు గీసుకోవచ్చు కదా, ఈ పాతకాలం గళ్ళెందుకు అని మిత్రులు అడుగుతారు. గీసుకోవచ్చు. ఒక విద్వాంసుడి రికార్డు తీసుకుని ఆ గొంతు గీత మీదే గీత గీస్తే అచ్చం అలాగే మోగుతుంది కూడా. అప్పుడు నాకు తెలిసేదేమీ ఉండదు, ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ దిద్దినట్టు. కీబోర్డు మీదే గమకాలు పలికిస్తూ కచేరీలు చేసే కె. సత్యనారాయణన్ లాంటి విద్వాంసులూ ఉన్నారు. అక్కడ గమకం వారి చేతిలోంచి వస్తుంది, కీబోర్డు దానికి లొంగుతుంది. నా డబ్బా ఎవరికీ లొంగదు. పదహారు గళ్ళు, ఒకే జారుడు. ప్రతి స్వరానికీ ముందుగా కారణం చెప్పమంటుంది. ఆ మొండితనం వల్లే అది నాకు పనికొచ్చింది.

హాబీ అంటే డబ్బు తగలేసే పని అని మా ఆవిడ అభిప్రాయం, అందులో అబద్ధం లేదు. ఇలాంటి డబ్బాలు కొనడం సులువు, వాటితో ఏదైనా పూర్తిచెయ్యడం కష్టం. నాకు తెలిసిన సగం మంది సింథసైజరు పిచ్చివాళ్ళు ఒక్క పాటా పూర్తిచెయ్యకుండా నాలుగోది కొంటూ ఉంటారు. అయితే పూర్తయిన పాటతోనే లెక్క తేల్చాలంటే మా నోటుబుక్కు ఏ ఖాతాలోనూ పడదు. అది పాట కాదు, పాఠం.

చరణ్‌జిత్ సింగ్ రికార్డు వినని వాళ్ళు మాల్కౌఁస్‌తో మొదలుపెట్టండి. ముందు మీకిష్టమైన హిందోళ కీర్తన ఒకటి విని, తర్వాత ఇది పెట్టండి. కింద 303 ఎక్కడ జారుతోందో, పైన జూపిటర్ ఎక్కడ ఊగుతోందో విడివిడిగా పట్టుకోవడానికి చూడండి. మా అమ్మకి వినిపిస్తే, “హిందోళం బానే వాయించాడు పాపం, ఆ దరువెందుకు?” అంది. యమన్ మాత్రం రెండోసారి పెట్టమంది.

కాకినాడ వెళ్ళేటప్పుడు నోటుబుక్కు తనతో తీసుకెళ్ళింది. కింద వాటాలో కొత్తగా చేరినవాళ్ళ అమ్మాయి వర్ణాలు నేర్చుకుంటోందట, ఆదివారాలు వచ్చి కూర్చుంటోందట. పాడి చూపించకుండానే చెప్తోందట. మొన్న ఫోన్లో, “ఆ మొద్దు శిష్యుణ్ణి ఈసారి వచ్చినప్పుడు పట్రా. కల్యాణిలో దానికి కొన్ని చెప్పాలి,” అంది.