పెద్ద టైల్స్... చిన్న సందు

ఈ మధ్య ఎవరింటి గృహప్రవేశానికి వెళ్ళినా ఇంటావిడ ముందు చూపించేది దేవుడి గది కాదు, హాల్లో పరిచిన టైల్స్! ఒక్కోటి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. వంగి చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. నాకూ ముచ్చటే, కాదనను. కానీ ఆ పెద్ద పలకల గురించి షాపులో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి నాకు తెలిసింది మా ఖిలా వరంగల్‌లో కాదు, కెనడాలో. నవ్వకండి, చెబుతాను.

మా అమ్మాయి కాల్గరీలో ఉంటుంది. 2023 చలికాలం అక్కడే గడిపాను. బయట మైనస్ ఇరవై! అప్పుడే వాళ్ళు బాత్‌రూమ్ నేల మార్పిస్తూ టైల్స్ కింద కరెంటు తీగలు వేయించారు, నేల వెచ్చగా ఉండటానికి. "ఇదెక్కడి విడ్డూరమే, నేలకి హీటరా?" అన్నాను. విడ్డూరమేం కాదట. కొరియా వాళ్ళు ఎన్నో వందల ఏళ్ళుగా పొయ్యిలోని వేడినీ పొగనీ గది నేల కింద నుంచి పోనిచ్చి ఇల్లు వెచ్చబెట్టుకున్నారట. దాన్ని ఒండోల్ అంటారు. ఒకే మంటతో వంటా అవుతుంది, ఇల్లూ వెచ్చబడుతుంది. ఎవరో ఇల్లాలికే తట్టి ఉంటుంది ఆ ఆలోచన!

పని చేసేవాళ్ళని చూస్తూ కూర్చోవడం తప్ప నాకక్కడ పనేముంది? ముందు నేలంతా బుడిపెలున్న ప్లాస్టిక్ షీటు అతికించి, ఆ బుడిపెల మధ్య తీగని ఇరికించారు. కింద నేల ఒకలా, పైన టైలు ఒకలా సాగుతాయి కదా, ఒకదాన్నొకటి లాక్కోకుండా మధ్యలో ఈ షీటు సర్దుతుందట, అత్తాకోడళ్ళ మధ్య మంచి ఆడపడుచులాగా! తీగ పరవక ముందు, పరిచాక, టైల్స్ వేశాక, మూడుసార్లు మీటరు పెట్టి చూశారు. టైలు అతికాక తీగ తెగిందని తెలిస్తే ఏం లాభం చెప్పండి?

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. పళ్ళున్న తాపీతో గమ్ముని నేల మీద ఒకే వైపుకి గీతలుగా లాగారు. గీతలు అడ్డదిడ్డంగా ఉంటే కింద గాలి చిక్కుకుపోతుందట. టైలు వెనక కూడా, రొట్టెకి నెయ్యి రాసినట్టు, పల్చగా గమ్ము పూశారు. ఒక పలక వేశాక మళ్ళీ ఎత్తి వెనకవైపు అంతా అంటిందో లేదో చూసుకున్నారు. గోడల వెంబడి పావంగుళం ఖాళీ వదిలి, దాని మీద స్కర్టింగు కప్పారు. అంతా అయ్యాక అమ్మాయి ఉత్సాహంగా స్విచ్చి వేయబోతే వద్దన్నారు. గమ్ము తనంతట తాను ఆరాలట. కంపెనీని బట్టి వారం నుంచి నాలుగు వారాలు పడుతుంది.

ఆ పావంగుళం ఖాళీ దగ్గరే నాకు మా వీధిలో జరిగినది గుర్తొచ్చింది. 2022 మే నెలలో, మిట్టమధ్యాహ్నం, పక్కింట్లో ఢామ్మని చప్పుడు. సిలిండరే పేలిందనుకుని అందరం పరుగెత్తాం. చూస్తే హాలు మధ్యలో రెండు టైల్స్ గుడారంలా పైకి లేచి ఉన్నాయి! ఆవిడ ఏడుపు ఒకటే తక్కువ. ఎవరో దిష్టి అన్నారు, ఎవరో వాస్తు అన్నారు. ఆవిడ కొబ్బరికాయలు కూడా కొట్టించింది.

దిష్టీ కాదు, వాస్తూ కాదు. వేడికి పలక సాగుతుంది. ఇరవై అడుగుల హాల్లో ఇరవై డిగ్రీల వేడి పెరిగితే పలకలన్నీ కలిసి సాగేది ముప్పావు మిల్లీమీటరు. అంతే! కానీ గోడనుంచి గోడదాకా సందన్నదే లేకుండా బిగిస్తే ఆ కాస్త కూడా ఎక్కడికి పోతుంది? పైకి లేస్తుంది. కాల్గరీలో వేడి కింద నుంచి వస్తే, మన దగ్గర తలుపులోంచి ఎండై వస్తుంది. అమెరికా వాళ్ళ నియమాల్లో, ఇంట్లోనైనా నేరుగా ఎండ పడే చోట ఎనిమిది నుంచి పన్నెండడుగులకొక సందు వదిలి, సిలికాన్ లాంటి మెత్తటి పదార్థంతో నింపమని ఉంది. మా హాలు పడమటి వైపు. సాయంత్రం నాలుగింటికి ఎండ సగం దాకా వస్తుంది.

2024 ఆగస్టులో మా హాలు పని పెట్టుకున్నాం. కోటలో ఇల్లు కూల్చి కట్టుకోవడం తేలిక కాదు. 2010 చట్ట సవరణతో రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతితోనే. (మరమ్మతుకైనా ముందు కనుక్కునే మొదలుపెట్టండి.) అందుకని నేలైనా మార్చుకుందాం అన్నారు మా వారు, అబ్బాయి పెళ్ళి ఉందని.

మేస్త్రి సందు మాట వినగానే మొహం చిట్లించాడు. "గీతలు కనబడితే గలీజుగుంటదమ్మా. సందు లేకుండ ఏస్త, అద్దం లెక్కుంటది" అన్నాడు. మా వారూ అతని వైపే! నేను కదల్లేదు. ప్రతి పలక మధ్యా మూడు మిల్లీమీటర్ల స్పేసరు, గోడల దగ్గర పావంగుళం, హాలు మధ్యలో ఒక సిలికాన్ సందు. గ్రౌటు టైలు రంగులోనే తెచ్చుకుంటే గీత ఎవరికి కనిపిస్తుంది?

ఇంకో పేచీ సిమెంటు దగ్గర. విట్రిఫైడ్ టైలు నీటిని పీల్చదు, నూటికి అర శాతం కూడా కష్టమే. మరి సిమెంటు పాలని ఎలా పట్టుకుంటుంది? అందుకే గమ్ము కావాలి. బస్తా మీద ఐఎస్ 15477 అని ఉందేమో చూసుకోండి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి టైలు పడేస్తానంటే అసలు ఒప్పుకోకండి. పలక ఒక్కోటి పద్నాలుగు పదిహేను కిలోలు, కింద డొల్ల ఉన్న చోట ఏ రోకలో పడితే పగులుతుంది. మర్నాడు రూపాయి బిళ్ళతో తట్టి వింటే, డొల్ల ఎక్కడుందో చప్పుడే చెబుతుంది. ఇటుకల వరసలా సగానికి సగం జరిపి కూడా వేయించకండి. పొడుగు పలక నడుము కొంచెం ఉబ్బి ఉంటుంది, అంచులు కాలికి తగులుతాయి. మూడో వంతుకి మించి జరపకూడదు.

ఖర్చు పెరిగిందా అంటే పెరిగింది. గమ్ము బస్తాల బిల్లు చూసి మా వారు రెండు రోజులు మాట్లాడలేదు.

ఇక మా అత్తమ్మ. ఎనభై దాటాయి. తన గదిలో షాబాదు బండలు తీయనివ్వలేదు. "ఎండకాలం ఈ బండ మీద పండుకుంటెనే నాకు నిద్ర. నున్నటి దాని మీద జారిపడితె నువ్వు లేపుతవా?" అంది. ఆ మాటలో తప్పేముంది? హాల్లోకి కూడా మెరుపు తక్కువగా, గరుకుగా ఉండే రకమే తెచ్చాం. బొట్టు దిద్దుకోవడానికి అద్దం ఉంది కదా! తీసిన బండలు పెరట్లో బట్టలుతికే చోట పరిపించాను.

2025 ఎండాకాలం గడిచింది, హాల్లో ఒక్క పలక కదల్లేదు. పెళ్ళికి వచ్చినవాళ్ళలో సందులు ఎందుకున్నాయని అడిగినవాళ్ళు ఇద్దరే. పక్కింటావిడ మాత్రం అడగలేదు, టేపు తెచ్చి కొలుచుకుని వెళ్ళింది.