పాపానాయుడుపేట పూస, నరసాపురం లేసు

క్రోషె అల్లికలో వరుస ఎక్కడ మొదలైందో తెలియడానికి, కుట్ల లెక్క తప్పకుండా ఉండడానికి, సూదిని మళ్లీ ఏ కుట్టులో దింపాలో ఆనవాలు ఉంచుకోవడానికి తగిలించుకునే చిన్న కొక్కేన్ని స్టిచ్ మార్కర్ అంటారు. బజారులో దొరికే ప్లాస్టిక్ మార్కర్లు చవకే అయినా, రంగు పూస వేలాడే మార్కర్లను స్వయంగా చేసుకోవడం అల్లికప్రియుల్లో చాలామందికి అలవాటు. అందుకు పనికివచ్చే గాజుపూసలు చేసే పాపానాయుడుపేట తిరుపతి జిల్లాలోనూ, క్రోషె అల్లికే బతుకుతెరువైన నరసాపురం పశ్చిమ గోదావరి జిల్లాలోనూ ఉండడంతో, ఈ రెండు ఊళ్లనూ ఒకే ప్రయాణంలో చూడాలన్న సంకల్పం అల్లిక సరదాగా నేర్చుకున్న ఒక యాత్రికురాలిని ఇల్లు కదిలించింది.

శ్రీకాళహస్తిలో దైవదర్శనం, కలంకారీ దుకాణాలు ఒక పూటతో ముగిశాయి. యాత్రాస్థలాల లాడ్జీలు స్నానానికే తప్ప నిద్రకు పనికిరావన్న అభిప్రాయం అక్కడ మరింత బలపడింది. ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేటకు చేరేసరికి కొలిమి చల్లారి ఉంది గాని, పూస పుట్టే క్రమాన్ని ఆ చల్లటి కొలిమి ముందే ఒక పెద్దాయన చేతులతో అభినయిస్తూ వివరించాడు. కరిగిన గాజును ‘లాడ’ అనే బోలు ఇనుపగొట్టం కొసకు శంకువు ఆకారంలో పట్టించి, లోపలి నుంచి ఒక కడ్డీని దూర్చి ఆ ముద్దకు నడుమ రంధ్రం చేస్తారు. ఆ తరువాత లాడను కొలిమిలో ఉంచి, శంకువు మొనను కొక్కెంతో అందుకుని బయటికి లాగితే, రంధ్రం చెదరని సన్నటి గాజుగొట్టం కొన్ని గంటలపాటు తెగకుండా సాగుతూనే ఉంటుంది. ముద్దలో చేసిన ఒక్క రంధ్రమే సాగి సాగి వేల పూసల రంధ్రాలుగా మారడం ఈ పద్ధతిలోని కీలకం.

గొట్టాలను సన్నటి ముక్కలుగా నరికినప్పుడు వాటి అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి, రంధ్రాలు పూడిపోకుండా వాటిలో బూడిద కూరి, ముక్కలను మళ్లీ వేడిచేస్తే అంచులు కరిగి నునుపెక్కుతాయి. ఇలా లాగి తీసిన చిన్న పూసలకు పురావస్తు పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ‘ఇండో–పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టాడు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు వాటి తయారీకి ప్రాచీన కేంద్రం. అటు ఆఫ్రికా తూర్పు తీరం నుంచి ఇటు కొరియా దాకా తవ్వకాల్లో ఇవి బయటపడ్డాయి. అంతటి సముద్రవర్తకానికి ఆధారమైన పనితనం ఏర్పేడు పక్కన ఒక పల్లెలో మిగిలి ఉండడాన్ని గూర్చి ఊరి బస్టాండులో ఒక బోర్డైనా కనిపించకపోవడం యాత్రికురాలికి చిరాకు కలిగించింది.

అక్కడ ఆమెను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం కొలిమి కాదు, పూసలు గుచ్చే ఆడవాళ్ల చేతులు. సన్నటి పొడుగాటి సూదులను విసనకర్ర పుల్లల్లా వేళ్ల మధ్య విప్పి పట్టుకుని, చేటలోని పూసల కుప్పలోకి ఒక్క ఊపులో దింపి పైకి ఎత్తితే ప్రతి సూదికీ కొన్ని పూసలు ఎక్కుతాయి. చూపు ఎక్కడో, మాట ఎవరితోనో ఉంటుంది గాని చెయ్యి ఆగదు. మార్కర్లకు కావలసిన పూసలను ఏరడంలో కూడా వాళ్లే దారి చూపారు. ఎర్రటి పూసలను దోసిట్లో పోసుకుని వెలుతురుకు ఎత్తి, రంధ్రం అంచు విరిగినవాటిని గోటితో తోసేసి, మిగిలినవాటిని దారానికి ఎక్కించి ఇచ్చారు. విరిగిన అంచు మెడలో దండకు పెద్ద లోపం కాకపోవచ్చు గాని, సన్న నూలు పక్కన వేలాడే మార్కర్‌లో మాత్రం అదే పోగును పట్టి చీల్చుతుంది.

నరసాపురం రైలు ప్రయాణంలో చెప్పదగిందేమీ లేదు. ఆ ఊరి పెసరట్టు ఉప్మా గురించి మాత్రం పుటలు నింపవచ్చు. అల్లం పచ్చడి ఘాటుకు రాత్రి నిద్రలేమి అక్కడితో తీరింది. మార్కర్ల తయారీ ఆ ఉదయం లాడ్జి గది కిటికీ దగ్గర సాగింది. ఊలు అల్లికలో కుట్లు సూది మీదే నిలిచి ఉంటాయి కాబట్టి మూసిన రింగును వాటి మధ్య ఉంచినా సరిపోతుంది. క్రోషెలో ఒక్కొక్క కుట్టూ ముగిసి ముడిపడుతుంది కాబట్టి, మూసిన రింగును కుట్టులో పెడితే అది అల్లికలోనే చిక్కుకుపోతుంది. అందువల్ల క్రోషె మార్కర్‌కు తెరుచుకుని మూసుకునే కొక్కెం తప్పనిసరి. ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే, వెనక మడత ఉన్న చెవి కొక్కేలు దీనికి చక్కగా సరిపోతాయి. ఒక కొసన గుండు ఉన్న సన్నతీగకు పూసను ఎక్కించి, పూస పైన తీగను లంబకోణంలో వంచి, ఇంచుమించు ఒక సెంటీమీటరు ఉంచి కత్తిరించి, గుండ్రటి మొన ఉన్న పట్టకారుతో చుట్ట తిప్పి, ఆ చుట్టను కొక్కేనికి తగిలించి నొక్కితే మార్కర్ సిద్ధమవుతుంది. తీగ కొస చుట్టలో పూర్తిగా ఒదిగిందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. పూస బరువైతే కుట్టు కిందికి సాగుతుంది గనుక లేసు నూలుకు ఒకటి రెండు చిన్న పూసలకు మించి పనికిరావు.

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం 17వ శతాబ్దంలో ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. లేసు అల్లికను 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ గోదావరి ప్రాంతానికి తెచ్చారు. 2024లో ఈ క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పని ఇళ్లలో జరుగుతుంది, అది కూడా ముక్కలుగా: పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేసే అతుకుపని వారు మరొకరు.

ఊరి వెలుపల ఒక పల్లెలో అరుగు మీద పువ్వులు అల్లుతున్న ఒకావిడకు యాత్రికురాలు తన మార్కర్లను చూపించి, “పిన్నిగారూ, లెక్కకు ఇది పెట్టుకుంటే సుఖం కదండీ” అన్నప్పుడు, ఆవిడ పూసను అటూ ఇటూ తిప్పి మెచ్చుకుని, “బాగుందండీ, కానీ ఇది తీసి పెట్టేలోపు పువ్వులో ఒక రేకు అయిపోతాదండీ” అంది. చెబుతూనే రేకు ముగించి, తరువాతి గొలుసు మొదలుపెట్టింది. ఏడాది పొడవునా ఒకే పువ్వు అల్లే చేతికి లెక్క వేళ్లలోనే ఉంటుంది. కూలి ముక్కకు ఇంత అని కట్టినప్పుడు కొక్కెం తెరిచి మూసే క్షణం కూడా ఖర్చే. పక్కింట్లో అతుకుపని చేసే ఆవిడకు మూలలు గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఉంది గాని, ఆవిడ అందుకు రంగుదారపు ముక్క ఒకటి ముడివేసి, పని అయ్యాక తెంపేస్తోంది. దానికి ఖరీదూ లేదు, బరువూ లేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన తన గ్రంథంలో, నరసాపురం లేసు స్త్రీలను కార్మికులుగా గాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లనే వారి శ్రమ అంత చవకగా దొరికిందని వాదించింది. ఆ వాదనకు ఇక్కడ అనుకోని రుజువు ఒకటి దొరికింది. పూసల మార్కర్ నిజంగా తీరిక ఉన్నవారి పనిముట్టు. ఒక వస్తువును మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా తానే అల్లి, మధ్యలో పక్కన పెట్టి, మళ్లీ ఎప్పుడో అందుకునేవారికే అది ఉపకరిస్తుంది. లేసు అల్లడం తీరిక వేళ పనే అయితే పిన్నిగారు దాన్ని ముచ్చటపడి ఉంచుకునేవారు. చూసి మెచ్చుకుని, తిరిగి చేతిలో పెట్టేశారు.