మన తెర, మన తెలుగు

ఉండేది బురైదాలో, ఉద్యోగం కంప్యూటర్లతో. 2025 అక్టోబరులో విండోస్ 10కి సాధారణ సపోర్టు ముగిసింది. పాత లాప్‌టాప్‌ను పారేయలేక లినక్స్ మింట్ వేశాను. తక్కువ మెమరీతో నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఎంచుకున్నాను. రంగులు, ప్యానెల్ నా ఇష్టప్రకారం మార్చుకుని మురిసిపోతుంటే, మా అమ్మాయి "ఇందులో తెలుగు రాయొచ్చా నాన్నా?" అంది.

ఇరవయ్యేళ్లుగా అందరి కంప్యూటర్లూ సర్దుతున్నాను, ఆ ఆలోచన నాకే రాలేదు! ఐబస్‌లో ఆర్‌టీఎస్ పద్ధతి చేర్చాను. ఇంగ్లీషు కీలతో పలికినట్టు కొడితే తెలుగు అక్షరాలు పడతాయి. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాని పిల్ల, గుంటూరుకు మొదటి ఉత్తరం కొట్టింది: "అమమ్మా, బాగున్నావా?"

ఒక ఒత్తు పోయింది. అయినా వాళ్ల అమ్మమ్మ దాన్ని ప్రింటు తీయించి దేవుడి గదిలో పెట్టుకుంది.

పిల్లలూ, మీరూ ప్రయత్నించండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు.