ముద్ర మారిన సంవత్సరము



మేము ఉంటున్నది థాయిలాండు ఉత్తర భాగములోని చియాంగ్ మై పట్టణములో. మాలో ఒకరిది టెక్కలి దగ్గర పల్లె. 1989లో బ్యాంకాకు సమీపమున ఒక నూలు మిల్లులో పనికి వచ్చి, 2014లో విశ్రాంతి పొందారు. మరొకరు ఇక్కడి కొండలలో పుట్టిన కరెన్ స్త్రీ, చాలాకాలము నర్సుగా పనిచేసినవారు. ఇద్దరమూ మా మొదటి తోడును మట్టికి అప్పగించినవాళ్ళమే. 2019లో వివాహము చేసుకున్నాము. ఈ వ్యాసము వ్రాసినది ఒకరు, ప్రక్కన కూర్చుని “అలా కాదు, ఇలా జరిగింది” అని దిద్దినది మరొకరు. అందుకే మేము అని వ్రాస్తున్నాము. ఒక్కొక్కరి సంగతి చెప్పవలసినచోట ఆయన, ఆమె అంటాము.

టెక్కలి ఎక్కడ, కరెన్లు ఎక్కడ అని మీరు అనుకోవచ్చును. మన జిల్లాల సంఘ చరిత్ర తెలిసినవారు మాత్రము అలా అనుకోరు. 1873లో కెనడా తూర్పు తీరపు బాప్తిస్టు సంఘములు ఏడుగురు మిషనరీలను పంపినది మన దగ్గరకు కాదు, సయాము దేశపు కరెన్ల దగ్గరకు. సయాము అంటే ఈ థాయిలాండే. వచ్చి తిరిగి చూస్తే వారు తలంచినంతమంది కరెన్లు కనబడలేదు. 1875లో వారు మన తెలుగు తీరానికి మళ్ళారు. బొబ్బిలికి చర్చిల్ దొరగారు, భీమునిపట్నానికి శాన్‌ఫర్డ్ దొరగారు, శ్రీకాకుళానికి ఆర్మ్‌స్ట్రాంగ్ దొరగారు వచ్చినది ఆ విధముగానే. ఈ సంగతి ఆయన చెప్పినప్పుడు ఆమె చాలాసేపు నవ్వి, “అయితే మా వాళ్ళు సరిగా కనబడి ఉంటే మీ ఊరికి మిషను వచ్చేదే కాదన్నమాట” అన్నారు.

ఇక వీసా సంగతి. ఈ దేశములో పరదేశికి ఒక సంవత్సరము గడువు ఇస్తూ పాస్‌పోర్టులో ముద్ర వేస్తారు. ఏ కారణమున ఉండనిస్తున్నారో దానినిబట్టి షరతులు మారుతాయి. యాభై సంవత్సరములు నిండినవారు విశ్రాంత జీవితము గడుపుటకు ఉండవచ్చును. అందుకు ఇక్కడి బ్యాంకులో ఎనిమిది లక్షల బాత్‌లు ఉండాలి, లేదా నెలకు అరవై అయిదు వేల ఆదాయము చూపాలి.  ఆ మొత్తము దరఖాస్తుకు రెండు నెలలు ముందునుండి ఖాతాలో ఉండాలి. 2019లో వచ్చిన నియమము ప్రకారము ముద్ర పడిన తరువాత మూడు నెలలు కూడా కదపరాదు, ఆ పైన ఏ రోజూ నాలుగు లక్షలకు తగ్గరాదు. తీసినది తిరిగి పెట్టి మరుసటి ఏడాదికి మళ్ళీ ఎనిమిది లక్షలు చేయాలి. థాయి భార్య గలవారికైతే నాలుగు లక్షలు చాలు, లేదా నెలకు నలభై వేల ఆదాయము. నెలనెలా అంత ఆదాయము లేదు గనుక ఆయనకు బ్యాంకు సొమ్ము ఒక్కటే దారి.

సగానికి సగము తగ్గుతుంది గదా, పెళ్ళయిన మరునాడే ఎందుకు మారలేదని మమ్మల్ని చాలామంది అడిగారు. విశ్రాంతి ముద్రకు కాగితాలు తక్కువ, తిరుగుడు తక్కువ. ఉదయము వెళితే సాయంత్రానికి పని అయిపోయేది. సొమ్ము ఎలాగూ ఉంది, ఉన్నచోటనే ఉండనీ అనుకున్నాము.

2022లో ఆయన గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఆసుపత్రినుండి వచ్చిన వారము రోజులకు ఆమె ఒక మాట అడిగారు. “ఆ ఎనిమిది లక్షలు మీ ఒక్కరి పేరున ఉన్నవి. మీరు లేకపోతే నేను బ్యాంకుకు వెళ్ళి ఏమని అడగాలి?” నర్సుగా చావులను చాలా చూసినవారు గనుక ఆ మాట నిదానముగానే అడిగారు. ఆ ఖాతా దరఖాస్తుదారు ఒక్కరి పేరుననే ఉండాలి, భార్యతో కలిపిన ఖాతా పనికిరాదు. ఖాతాదారు మరణిస్తే ఆస్తి నిర్వాహకునిగా కోర్టు నియమించినవారికే బ్యాంకు సొమ్ము ఇస్తుంది. కోర్టు ఆజ్ఞ వచ్చేవరకు పెట్టె ఖర్చుకు కూడా ఆ ఖాతాలోని ఒక్క బాత్ చేతికి రాదు.

అప్పుడు మేము లెక్క వేసుకున్నాము. వివాహ ముద్రకు మారితే నాలుగు లక్షలు ఆయన ఖాతాలో ఉంటాయి, మిగిలిన నాలుగు లక్షలు ఆమె స్వంత ఖాతాలోనికి పోతాయి. కోర్టు అక్కరలేదు, ఎవరినీ బ్రతిమాలనక్కరలేదు. మేము మారినది ఇందుకే. ఇది చెప్పకుండా ముద్ర సంగతి మాత్రము చెబితే కథ వేరుగా వినబడుతుంది, మా ఇంటివారికి అలాగే వినబడింది.

“ఏట్రా తమ్ముడూ, కాగితం కోసం పెళ్ళాడీసినావేటి?” అని టెక్కలినుండి అప్ప ఫోనులో అడిగింది. అప్ప అడిగితే నవ్వుకోవచ్చును. హైదరాబాదులో ఉన్న కుమారుడు నవ్వుతూ అడగలేదు. “నాన్నా, మీరు చేసుకున్నది పెళ్ళా, వీసానా? మా అమ్మ కష్టపడి కూడబెట్టిన డబ్బు ఆవిడ పేరున వేసేస్తున్నారా?” అన్నాడు. వివాహము 2019లో, ముద్ర మార్చినది 2023లో; వీసా కోసమే అయితే నాలుగేళ్ళు ఆగేవాళ్ళము కాదని చెప్పాము. అది వాడి మొదటి ప్రశ్నకే జవాబు. రెండవదానికి ఇచ్చిన జవాబు వాడికి నచ్చలేదు. వాడి తల్లి అప్పడాలు వత్తి అమ్మి దాచిన సొమ్ము ఆ ఎనిమిది లక్షలలో కొంత ఉన్నమాట నిజము. ఆ భాగము లెక్క కట్టి వాడికి పంపుదామని ఆమె అన్నారు. వాడు వద్దన్నాడు. ఏడు నెలలు ఫోను చేయలేదు. 2024 క్రిస్మసుకు ఒక పొట్లము వచ్చింది, లోపల పొందూరు ఖద్దరు చీర. చీటీ మీద ఆమె పేరు లేదు, “అక్కడ ఆవిడకు” అని మాత్రము ఉంది. ఆమె దానిని కట్టుకోవడము ఇంకా నేర్చుకుంటున్నారు.

కాగితాల విషయము కొంచెము వివరముగా చెప్పాలి, ఎందుకంటే అందులో కష్టము కలిగినది థాయిలాండు కాగితాలతో కాదు, మన ఊరి కాగితాలతో. ఈ దేశములో దేవాలయములో జరిగిన వివాహానికి చట్టము దృష్టిలో విలువ లేదు. గుడిలో జరిగినా అంతే. ‘అంఫో’ అనే తాలూకా కార్యాలయములో రిజిస్టరు అయితేనే భార్యాభర్తలు. కరెన్ సంఘ కాపరి మాకు ఆశీర్వాదము చేసిన మరునాడు అంఫోకు వెళ్ళి సంతకాలు పెట్టాము. అంతకు ముందే ఆయన ఒంటరివాడని మన రాయబార కార్యాలయమునుండి పత్రము తెచ్చి, థాయి భాషలోనికి మార్పించి, ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి. ఒంటరివాడనుటకు మొదటి భార్య మరణ పత్రము చూపాలి.

అక్కడ వచ్చింది చిక్కు. వారి పెళ్ళి సంఘపు పుస్తకములో ఆమె బాప్తిస్మపు పేరుతో ఉంది. మరణ పత్రములో బడిలో వేసిన పేరు ఉంది. ఆయన పాస్‌పోర్టులో భార్య పేరు ఈ రెండూ కాక ఇంట్లో పిలిచే పేరు. మూడు పేర్లూ ఒకే మనిషివని మన పల్లెలో అందరికీ తెలుసును. బ్యాంకాకులో ఎవరికి తెలుస్తుంది? ఊరి కాపరిగారు పాత రిజిస్టరు వెదికి, 1981 నాటి పుట తీసి, ధ్రువీకరించి వ్రాసి ఇచ్చారు. తుపానులకు తడిసిన పుస్తకము అది, ఆ పుట నిలిచి ఉండుట దేవుని కృప. టెక్కలిలో నోటరీ దగ్గర అప్ప అఫిడవిట్టు ఇచ్చింది. ఇదంతా జరుగుటకు అయిదు నెలలు పట్టింది.

మన పల్లె సంఘాలవారు దయచేసి ఈ ఒక్క సంగతి గమనించాలి. మన దేశములో 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము లైసెన్సు గల కాపరి చేసిన వివాహానికి ధ్రువపత్రము ఇవ్వవచ్చును, అది చెల్లుతుంది. థాయిలాండులో లేని సదుపాయము మనకు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ 2002లో చట్టము కూడా వచ్చింది. అయినా పెళ్ళికి పందిరి, భోజనాలు, బ్యాండు అన్నీ ఉంటాయి, ధ్రువపత్రము మాట వచ్చేసరికి తరువాత చూద్దాములే అంటారు. గల్ఫుకు వెళ్ళిన అబ్బాయి భార్యను తీసుకొని వెళ్ళాలన్నప్పుడు ఆ తరువాత వస్తుంది.

తరువాత అనేది కొందరికి రానే రాలేదు. మన తీరమునుండి, కళింగపట్నము, భీమునిపట్నము రేవులనుండి, ఎన్ని వేలమంది ఓడలెక్కి బర్మా వెళ్ళారో మీ ఇళ్ళలోని పెద్దలను అడగండి. రంగూను అనరు, రంగం అంటారు. ఆయన నాయనమ్మగారి చెల్లెలి భర్త కూడా రంగం వెళ్ళాడు. 1942లో యుద్ధానికి భయపడి జనము కాలినడకను కూడా తిరిగి వచ్చారు, అతడు రాలేదు. అక్కడ బర్మా స్త్రీతో కాపురము ఉన్నదని ఎవరో చెప్పారు. 1964లో వ్యాపారాలను ప్రభుత్వము తీసుకున్నప్పుడు మరి కొన్ని వేలమంది వచ్చారు, విశాఖపట్టణములో బర్మా క్యాంపు అనే పేరు అప్పటి జ్ఞాపకమే. ఆ చిన్న నాయనమ్మ ఆ సంవత్సరము కూడా దారి చూసింది. తాను భార్యనో విధవనో చెప్పే కాగితము ఏ దేశములోనూ ఆమెకు లేదు. మరుదులు భూమి పంచుకున్నప్పుడు ఆమెకు ఒక గట్టు కూడా రాలేదు. నల్లపూసలు తీయాలో ఉంచాలో తెలియకుండానే వృద్ధురాలైంది. ఈ కథ విన్న రోజున ఆమె తన వివాహ పత్రమును బీరువాలోనుండి తీసి పాస్‌పోర్టు సంచిలో పెట్టుకున్నారు.

వివాహ ముద్రకు దరఖాస్తు చేయుట అంటే మనము నిజముగా కలిసి బ్రతుకుతున్నామని రుజువు చేయుట. అంఫోనుండి వివాహపు రిజిస్టరు నకలు కొత్తగా తీయించాలి, కిందటి ఏడాది నకలు చెల్లదు. ఆమె గుర్తింపు కార్డు, ఇంటి పుస్తకము, ఇంటికి దారి చూపే పటము కావాలి. పటము ఆయన చేత్తో గీశారు. ఇద్దరమూ కలిసి ఉన్న ఫోటోలు కావాలి: ఇంటి నెంబరు కనబడేలా బయట, ముందు గదిలో, వంటింట్లో, పడకగదిలో. అరవై ఏడేళ్ళ వయసులో మంచము మీద ప్రక్కప్రక్కన కూర్చుని ఫోటో తీయించుకొనుట ఎంత సిగ్గో చెప్పలేము. తీసినది ప్రక్కింటి కూరగాయల అమ్మి. సాక్షిగా సంతకము పెట్టినదీ ఆమెయే. ఆమె బౌద్ధురాలు. “వీళ్ళు రోజూ సాయంత్రము చింతపండు పులుసు విషయమై పోట్లాడుకుంటారు, మొగుడూ పెళ్ళాలు కాకపోతే ఎందుకు పోట్లాడుకుంటారు?” అని అధికారికి చెప్పింది. మేము చూపిన కాగితాలన్నిటికన్నా ఆ మాటే ఆయనకు నచ్చినట్లుంది.

రుసుము వెయ్యిన్ని తొమ్మిది వందల బాత్‌లు, రెండు రకాలకూ అంతే. అయితే ఈసారి అదే రోజు ముద్ర వేయలేదు. పరిశీలనలో ఉన్నదని ముప్పై రోజుల గడువు వేసి పంపారు. ఆ నెల రోజులూ ఆయన వీధిలో నడుస్తుంటే తనను ఎవరో చదువుతున్నట్లు ఉండేదన్నారు. నెల తరువాత ముద్ర పడింది.

లాభము ఉన్నచోట భయము కూడా ఉంది, అది దాచరాదు. విశ్రాంతి ముద్రకు ఆధారము సొమ్ము. వివాహ ముద్రకు ఆధారము మనిషి. ఆమె ముందుగా వెళ్ళిపోతే ఈ ముద్ర గడువు తీరినాక దీని మీద మరొకటి రాదు. ఆయన మళ్ళీ ఎనిమిది లక్షలు చూపాలి, లేదా దేశము విడవాలి. ఇల్లు ఆమె పేరున ఉంది, పరదేశి ఇక్కడ భూమి కొనరాదు, భార్య ఉన్నా కొనరాదు. ఈ సంగతులన్నీ మేము బల్ల దగ్గర కూర్చుని, ఎవరు ముందు పోతే ఏమిటని, కూరలు తరుగుకుంటూ మాట్లాడుకున్నాము. తొంభై రోజులకొకసారి చిరునామా తెలుపుకొనుట ఏ ముద్రకైనా తప్పదు. ఊరికి వచ్చేముందు తిరిగి రావడానికి అనుమతి తీసుకోకపోతే ముద్ర పోతుంది, ఒక్కసారికి వెయ్యి బాత్‌లు.

ఇప్పుడు మా చేతిలో ఉన్న పని ఇంకొకటి. భారత పౌరుని విదేశీ భార్య, వివాహము రిజిస్టరయి రెండు సంవత్సరములు నిండితే, ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేయవచ్చును. ఆ కార్డు ఉంటే టెక్కలిలో ఎంతకాలమైనా ఉండవచ్చును, పొలము మాత్రము కొనరాదు. ఆయన ఆరోగ్యము చూసి, ఏటా వర్షాకాలము గడిచాక నాలుగు నెలలు అప్ప దగ్గర ఉండాలని మా ఆలోచన. అంఫో పత్రమును ఇంగ్లీషులోనికి మార్పించి ముద్రలు వేయించాము. దరఖాస్తు నింపుతూ ఆమె కలము ఆపి, “మీ ఊరివాళ్ళకు కూడా పడకగది ఫోటో ఇవ్వాలా?” అని అడిగారు. అక్కరలేదని ఆయన చెప్పారు. అప్ప ఎలాగూ వచ్చి చూసుకుంటుంది.