ఎవరు చేసిండ్రు?

‘తులసిదళం’ చదివినవాళ్లను ఇప్పుడు కదిలించి చూడండి. మంత్రగాడు కాద్రా, అతను ప్రయోగించే క్షుద్రశక్తి కాష్మోరా అంటారు, నిద్రపోని రాత్రులు లెక్కపెడతారు. అదే నవలలో డాక్టర్లున్నారు, హిప్నాటిస్టు ఉన్నాడు. వాళ్లు ఎవరికీ గుర్తుండరు. యండమూరి వీరేంద్రనాథ్ మంత్రాన్నీ శాస్త్రాన్నీ పక్కపక్కనే నడిపిస్తే, పాఠకులం ఒకదాని వెంటే పోయాం.

1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో అది సీరియల్‌గా వచ్చే రోజుల్లో, మెట్‌పల్లిలో మా వాడకట్టు ఆడవాళ్లు దాన్ని చదవలేదు, విన్నారు. మా చిన్నమ్మ పైకి చదువుతుంటే మిగతావాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. మంత్రగాడంటే వాళ్లకు కొత్తేం కాదు. దిష్టి తీసుడు, తాయెత్తు కట్టించుడు, శివసత్తును అడుగుడు ఇంటింటా ఉన్నవే. వాళ్ల ప్రాణమంతా నవలలోని తల్లి శారద మీదే. ఎన్నో ఏళ్లు ఎదురుచూస్తే పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఆమె కళ్లముందే వాడిపోతుంటే, “అయ్యో, ఆ తల్లికి ఎవలన్న చెప్పరాదా!” అని వాపోయేవాళ్లు. ఒకామె మాత్రం, “పిల్లను కరీంనగర్ దవాఖానకు ఎందుకు తీస్కపోతలేరు?” అని ప్రతివారం తగువు పెట్టుకునేది.

ఆ నవల పట్టంతా ఆ వాపోవడంలోనే ఉంది. ఎవరు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మనకు ముందే చూపించి, ఇంట్లోవాళ్లకు మాత్రం తెలియనివ్వడు రచయిత. నిజం మన చేతిలో ఉంటుంది, అందించే దారి ఉండదు.

విలియం పీటర్ బ్లాటీ ‘ది ఎగ్జార్సిస్ట్’ 1971లో వచ్చింది. అందులోనూ పిల్ల, తల్లి, ముందు డాక్టర్లు, తర్వాత ఫాదర్లు. కానీ అక్కడి సైతాను ఎక్కణ్నుంచో వచ్చినవాడు, ఇరుగుపొరుగుకు సంబంధం లేదు. మన కథలో మంత్రం వెనుక డబ్బుంది, దాని మీద ఆశపడ్డ మనుషులున్నారు. అందుకే ఇది మనకు ఎక్కువ ఇంటి కథ అనిపించింది.

ఈ తరహా రచనలకు క్షుద్ర సాహిత్యమని పేరుపెట్టి, మూఢనమ్మకాలు పెంచుతున్నాయని అప్పట్లోనే తిట్టినవాళ్లున్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. చేతబడి భయం మా ఊరికి వారపత్రిక మోసుకొచ్చింది కాదు. అయితే అంతకుముందు చదువుకున్నవాడు భయపడినా పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు. ఉద్యోగమూ హోదా ఉన్న కుటుంబానికి కాష్మోరా వచ్చేసరికి ఆ సిగ్గు పోయింది.

నవల బయట, కాద్రాను మనకెవరూ చూపించరు. బిడ్డకు జ్వరం తగ్గదు, బర్రె పాలియ్యదు, దుబాయి పోయినాయన నుంచి కబురుండదు. “ఎవరు చేసిండ్రు?” అన్న ప్రశ్న లేస్తుంది. జవాబు దూరం పోదు. గట్టు తగాదా ఉన్న పాలోళ్లో, గోడవతలి ఒంటరి ముసలామో. 2022 జనవరిలో, మాకు కోరుట్ల అవతలుండే జగిత్యాలలో, టి.ఆర్.నగర్‌లో కులసంఘం సమావేశం జరుగుతుండగానే ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానమే కారణం. చంపినవాళ్లు ఏ సీరియలూ చదివి ఉండనక్కర్లేదు.

ఈమధ్య ‘తులసిదళం’ మళ్లీ తిరగేస్తే కాష్మోరా నన్ను పెద్దగా భయపెట్టలేదు. ఆ పుస్తకంలోంచి కాద్రా ఉన్న పేజీలన్నీ తీసేస్తే ఏం మిగులుతుందా అని ఆలోచనలో పడ్డాను. జబ్బుపడ్డ పిల్ల, నిద్రలేని తల్లిదండ్రులు, వచ్చి తలా ఒక మాట చెప్పి పోయేవాళ్లు. అప్పుడు శారద, ఆమె భర్త శ్రీధర్ ముందుగా ఎవరి పేరు చెప్పేవాళ్లు? మా చిన్నమ్మనడిగితే ఆలోచించనైనా లేదు, “ఇంకెవలు, తోటికోడలే” అన్నది.