తీరదీపమున కెవరు చమురు పోయవలెను?

కృష్ణాతీరమునందలి కొల్లూరు ప్రాంతమువారమగు మాకు సముద్రము కంటికి కానరాదు. అయినను అది మాకు పరాయిది కాదు. మా యేటినీరే హంసలదీవియొద్ద కడలిలో కలియుచున్నది. రేపల్లె దాటి దక్షిణముగా పోయినచో నిజాంపట్టణము వచ్చును. 1611వ సంవత్సరమున ఆంగ్లేయుల 'గ్లోబు' అను నోడ అచ్చట నాగి, పిమ్మట బందరు చేరినది. నేడది చేపలపడవల రేవు. వేటకు పోయిన పురుషుడు చీకటిపడినను తిరిగి రాకున్నచో ఇల్లాలి ప్రాణము తీరమునందే యుండును. కావున దీపస్తంభముల ప్రసంగము స్త్రీలకు సంబంధింపనిదని మేము తలపము.

ఆ దీపమునకు చమురు పోయువా రెవరు? ఈ ప్రశ్న అమెరికాదేశమున చాల ముందుగనే పుట్టినది. ఆ దేశము ఆంగ్లేయుల పాలనలో నున్నపుడు, 1716లో బోస్టను రేవున దీపస్తంభము వెలసెను. వచ్చిపోవు నోడలనుండి టన్నుకు ఒక పెన్నీ చొప్పున వసూలుచేసి దానిని పోషించిరి. స్వాతంత్ర్యము వచ్చి, 1789లో క్రొత్త ప్రభుత్వ మేర్పడునప్పటికి యుద్ధపు ఋణములు మిక్కుటముగా నుండెను. అట్టి స్థితియందును ఆ యేడు ఆగస్టు 7వ తేదీన అధ్యక్షుడు వాషింగ్టను ఒక చట్టముపై సంతకము చేసెను. దీపస్తంభములు, దారి తెలుపు తేలుగుర్తులు, రేవుకట్టలు, వీని వ్యయమును దేశపు ఖజానాయే భరించునని దాని సారాంశము. ఆ ప్రభుత్వము కట్టించిన మొదటి దీపస్తంభము 1792లో వర్జీనియాలోని కేప్ హెన్రీ వద్ద పూర్తియయ్యెను.

అప్పులలో నున్నవారు ఈ భార మేల తలకెత్తుకొనిరి? సోదరీమణులారా, అంగటిలో నూనెను కొలిచి యమ్మవచ్చును గాని వెలుగును కొలిచి యమ్మ వీలులేదు. రుసుము చెల్లించిన యోడకు కనబడు దీపమే చెల్లింపని యోడకును కనబడును. చెల్లింపనివానిపై కోపముతో దీప మార్పినచో చెల్లించినవాడును రాళ్లపాలగును. అందరి దైన వస్తువు నందరును కలిసియే పోషింపవలెను.

మనదేశమున 1927లో దీపస్తంభముల చట్టము పుట్టెను. ఇచ్చట పద్ధతి కొంచెము వేరు. ఓడలే దీపశుంకము చెల్లింపవలెను. కాని 50 టన్నులకు లోబడిన చిన్ననావలకు మినహాయింపు నిచ్చిరి. పెద్దయోడల సొమ్ముతో వెలిగిన దీపమును పేదవాని పడవయు నుచితముగా చూచెనన్నమాట. 2021లో ఆ చట్టమునకు మారుగా క్రొత్తది వచ్చినను, ఓడలు రుసుము చెల్లించు పద్ధతి నిలిచియే యున్నది. కృష్ణ సాగరమున కలియు చోటి కిరుప్రక్కల, నాగాయలంకవైపునను ఓడరేవునందును దీపస్తంభములు కలవు.

దీపము తుపానును ఆపజాలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ఉప్పెన ముంచినపుడు ఇంచుమించు 30,000 మంది గతించిరి. 1977 నవంబరు 19న దివిసీమ గతి యట్లే యయ్యెను. అయినను ముందుగా నందు తుపాను హెచ్చరికయు నొక దీపమే. దానిని సైతము వెల కట్టి యింటింటికి అమ్మ వీలుకాదు. సర్కారు సొమ్ముతో పంపవలసినదే, అందరికిని చేరవలసినదే.

అయితే ఖజానా ధన మిచ్చినంతమాత్రమున దీపము తానై వెలుగదు. అమెరికాలో న్యూపోర్టు రేవున ఐడా లూయిస్ అను నామె, దీపపాలకుడగు తండ్రి జబ్బున పడగా, చిన్నతనమునందే యా పని చేపట్టెను. 1879లో ప్రభుత్వ మామెనే పాలకురాలిగా నియమించెను. 1911లో మరణించువరకును ఆమె యా దీపమును విడువలేదు. పడవ నడిపి పలువురిని నీటినుండి రక్షించెను.

మన వీథిదీపము, మన మంచినీటి కుళాయి, మన యేటిరేవు మెట్లు, ఇవి యన్నియు అట్టివే. ఇవి ఎవరో యొకరివి కావు గావున ఎవరికిని పట్టవు. వీథిదీప మారిన నాడు పంచాయతీకి కబురంపుట మన యింటి పనులలో నొకటియని తలచిన చాలును. ఆ వెలుతురున ఇల్లు చేరువారిలో మన బిడ్డలును ఉందురు గదా.