మగ్గాల మోతలో మనిషి మాట

ఈ మధ్యనే నేను మానవశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్నాను. ఈ మాట చెప్పినప్పుడల్లా పాండేసరలోని మా ఇరుగుపొరుగువారు "ఆ చదువుకు ఏ ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. నేసిన బట్టను మీటర్లలో కొలిచి కూలి కట్టే చోట, కొలతకు అందని విద్య దేనికన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది.

పాండేసర సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న పారిశ్రామికవాడ. అద్దకపు మిల్లులు, మరమగ్గాల షెడ్లు, వాటి నడుమ ఇరుకు గదుల వరుసలు. మా తాత పూర్వపు నల్లగొండ జిల్లాలో గుంటమగ్గం మీద నేసేవాడు. చేనేతకు గిరాకీ సన్నగిల్లగా మా నాయన ఇరవయ్యో ఏట సూరత్ రైలెక్కి మరమగ్గం పట్టాడు. తెలంగాణ నుండి ఈ దారినే వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో వేలకొద్దీ ఉన్నాయి. అమ్మ ఇంటివద్ద చీరలకు రాళ్ళు అతికిస్తుంది. నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో నేను అక్షరాలు దిద్దాను. ఇంట్లో తెలుగు, అంగట్లో గుజరాతీ, వీధిలో ఒడియా, హిందీ, మరాఠీ. మనుష్యులు ఇన్ని విధాలుగా ఎందుకున్నారన్న ప్రశ్న మా గుమ్మం ముందే నాకు ఎదురైంది.

ఆ ప్రశ్నే నన్ను హైదరాబాదుకు, మానవశాస్త్రానికి చేర్చింది. హైమెండార్ఫ్ చెంచుల నడుమ నివసించి 1943లో వారిని గూర్చి గ్రంథం ప్రకటించాడు. ఎస్.సి. దూబే హైదరాబాదు సమీపానగల శామీర్‌పేటను పరిశీలించి 1955లో భారతీయ గ్రామాన్ని లోకానికి పరిచయం చేశాడు. డచ్చి పండితుడు యాన్ బ్రెమన్ 1960 దశకం నుండి దక్షిణ గుజరాత్ కూలీల జీవితాన్ని అధ్యయనం చేశాడు. వీరు బయటినుండి వచ్చి చూచినవారు. నేను పరిశీలించదలచినదో, నన్ను పెంచిన వీధి.

షెడ్డులో మాటలు ఎలా నడుస్తాయన్నది నా పరిశోధనాంశం. అక్కడ పన్నెండు గంటల పాళీ. మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. పక్కవాని కేక కూడా వినబడదు గనుక చేతులు, కనుబొమలు, పెదవుల కదలిక మాటల పని చేస్తాయి. దారం తెగినా, కండె అయిపోయినా, టీ వచ్చినా ఒక్కొక్క సైగ. ఒడియా నేతగానికీ తెలుగు నేతగానికీ ఉమ్మడి భాష అదే.

ఆ సైగలను నాకు నేర్పింది మా నాయన. ఏభై దాటేసరికి ఆయనకు చెవులు మందగించాయి. నా ప్రశ్నలను కొంత సైగలతో, కొంత పెద్దగొంతుతో అడిగేదాన్ని. ఒకనాడు ఆయన అన్నాడు: "బిడ్డా, ఎన్ని మీటర్లు నేసినవని ముప్ఫై ఏండ్లుగా అడుగుతున్నరు. నీకెట్లున్నదని నువ్వే అడిగినవు."

తన చెవుడును ఆయన ఏనాడూ జబ్బుగా తలచలేదు. నేను పలకరించిన నేతగాండ్లలో పలువురి అభిప్రాయమూ అదే: మగ్గం పట్టినవానికి చెవులు పోవడం సహజమట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మాత్రం మోతవలన కలిగే చెవుడును వృత్తివ్యాధుల పట్టికలో చేర్చింది. చట్టం వ్యాధి అన్నదాన్ని మనిషి సహజమనుకొంటే, వైద్యుని వద్దకు వెళ్ళడు, పరిహారమూ అడుగడు. ఈ అంతరం ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. పక్కన కూర్చుండి, ఓపికతో అడిగి, విన్నప్పుడే తెలుస్తుంది. నా చదువు నేర్పిన పని అదే.

సూరత్‌కు నాడె లేని కొత్త మగ్గాలు వచ్చాయి. పాతతరం నేతగాండ్లు ఒక్కొక్కరే ఊళ్ళకు మరలుతున్నారు. వారు వెళ్ళకమునుపే ఆ సైగలన్నిటినీ బొమ్మలతో సహా ఒక నిఘంటువుగా కూర్చాలని నా సంకల్పం. ఇక్కడి ఆడవారు బతుకమ్మ ఆడుతూ పాడే పాటలనూ సేకరిస్తున్నాను; వాటిలో గుజరాతీ పదాలు చేరిన తీరు నాకు మహా ఇష్టం. ఉద్యోగం కొరకు దరఖాస్తులు పంపుతూనే ఉన్నాను. ఆదివారాలు మాత్రం నోటుపుస్తకంతో నేతగాండ్ల గదులకు వెళుతున్నాను. ఇప్పటికి నలభై మూడు సైగలు కుదిరాయి.